ఎలుగుబంటి ఎదురైతే... తుపాకీనా, స్ప్రేనా?

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, అమెరికాలో ఉన్న మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సందడి మొదలవుతుంది. ఎల్లోస్టోనా, గ్లేసియరా, యోసెమిటీనా? టెంట్ ఎవరు తెస్తారు, పులిహోర ఎవరు కలుపుతారు? అంతా సాఫీగా సాగుతుండగా ఎవరో ఒకరు ఓ గ్రిజ్లీ ఎలుగుబంటి వీడియో పడేస్తారు. గ్రూపంతా ఒక్క నిమిషం సైలెంట్. ఆ తర్వాత వచ్చే మెసేజ్ దాదాపు ప్రతిసారీ ఒకటే: "మామా, గన్ పట్టుకెళ్దామా? అక్కడ లీగలే కదా!"

సరదాగా అన్నా ప్రశ్న మాత్రం సీరియస్ దే. లీగలేనా? లీగల్ అయితే పనికొస్తుందా? అన్నిటికన్నా ముందు, హెచ్‌-1బి మీదో ఎఫ్‌-1 మీదో ఉన్న మనకి అది లీగలేనా? మూడు ప్రశ్నలకీ మూడు వేర్వేరు జవాబులు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

క్రెడిట్ కార్డు చట్టంలో తుపాకీ

ఒకప్పుడు అమెరికా నేషనల్ పార్కుల్లో తుపాకీ రూల్ చాలా సింపుల్. తీసుకెళ్లాలంటే గుళ్లు తీసేసి, చేతికి అందకుండా ప్యాక్ చేసి పెట్టాలి. 1980ల నుంచీ చాలా పార్కుల్లో ఇదే పద్ధతి.

2009లో కథ మారింది. బ్యాంకులు క్రెడిట్ కార్డు వడ్డీని ఇష్టమొచ్చినట్టు పెంచకుండా అమెరికా కాంగ్రెస్ ఓ చట్టం తెచ్చింది. ఓక్లహోమా సెనేటర్ టామ్ కోబర్న్ దానికి ఒక సవరణ తగిలించారు. పార్కు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు తుపాకీ చట్టమే పార్కులోనూ నడుస్తుందన్నది దాని సారాంశం. 2009 మే 22న ఒబామా సంతకం చేశారు. 2010 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లుకీ ఎలుగుబంటికీ ఏం సంబంధం అని అడక్కండి. అక్కడి రాజకీయం అలాగే నడుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: ఆ రాష్ట్రంలో తుపాకీ పెట్టుకునే హక్కు ఉన్నవాళ్లు పార్కులోకీ తీసుకెళ్లొచ్చు. కానీ దీనికి చాలా మెలికలు ఉన్నాయి.

మొదటి మెలిక, రాష్ట్రం. ఎల్లోస్టోన్ ఎక్కువ భాగం వయోమింగ్‌లో ఉంది, కొంచెం మోంటానా, ఇంకొంచెం ఐడహో. డెత్ వ్యాలీ కాలిఫోర్నియాలో మొదలై నెవాడాలోకి పాకుతుంది. ఒకే ట్రిప్పులో, ఒక్కోసారి ఒకే ట్రయిల్ మీద, మీకు వర్తించే చట్టం మారిపోతుంది. వయోమింగ్‌లో నడిచే పద్ధతి కాలిఫోర్నియాలో అస్సలు నడవదు. పక్క రాష్ట్రాల పర్మిట్లని కాలిఫోర్నియా గుర్తించదు.

రెండో మెలిక, బిల్డింగులు. విజిటర్ సెంటర్, రేంజర్ స్టేషన్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి తుపాకీతో అడుగు పెట్టకూడదు. అంటే ట్రయిల్ మీద ఓకే, మ్యాప్ తీసుకోవడానికి లోపలికెళ్తే నేరం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తీసుకెళ్లడం వేరు, పేల్చడం వేరు. చట్టం మారింది తీసుకెళ్లడం గురించి మాత్రమే. వేటకి అనుమతి ఉన్న కొన్ని చోట్ల తప్ప, నేషనల్ పార్కులో తుపాకీ పేల్చడం ఇప్పటికీ నిషేధమే. నిజంగా ప్రాణాల మీదకొచ్చి పేల్చామంటే ఆ మాట దర్యాప్తులో నిలబడాలి. 2014 జులైలో గ్లేసియర్ పార్కులో ఒంటరిగా నడుస్తున్న ఒకాయన మీదకి ఎలుగుబంటి దూసుకొచ్చింది. ఆయన స్ప్రే కొట్టాడు, తర్వాత తుపాకీ పేల్చాడు. ప్రాణాలతో బయటపడ్డాడు కానీ కేసు మాత్రం తప్పలేదు. తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నారనుకోండి, కానీ ఈలోపు లాయరు, కోర్టు, టెన్షన్ ఎవరికి కావాలి?

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఆగాలి

గ్రూపులో "లీగలే" అని థంబ్స్ అప్ కొట్టినవాళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇది. రాష్ట్ర చట్టం ఎంత ఉదారంగా ఉన్నా దాని పైన ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అది మామూలుగా నిషేధిస్తుంది. ఎఫ్‌-1, హెచ్‌-1బి, హెచ్‌-4 అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు.

గమనించండి, కొనడం గురించి మాత్రమే కాదు. దగ్గర ఉండటమే నేరం. సిటిజన్ అయిన ఫ్రెండ్ తన పిస్టల్ మీ చేతికిచ్చి "కాసేపు నీ బ్యాగులో పెట్టు మామా, నాది బరువెక్కింది" అన్నాడనుకోండి. బ్యాగు మీ భుజాన ఉంది కాబట్టి ఇప్పుడు అది మీ దగ్గర ఉన్నట్టే. తుపాకీ అతని దగ్గరే ఉండి తూటాల డబ్బా మాత్రం మీ జేబులో ఉన్నా అంతే. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. దాంతో పాటు తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదొక కారణం కూడా.

మినహాయింపులు ఉన్నాయా? ఉన్నాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి ఒకటి ఉంది. కానీ అది మీకు వర్తిస్తుందో లేదో చెప్పాల్సింది ఇమిగ్రేషన్ లాయరు. వాట్సాప్‌లో బాబాయ్ కాదు, యూట్యూబ్‌లో ఇన్‌ఫ్లుయెన్సరూ కాదు. పదేళ్లు క్యూలో నిలబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాడు, మూడు రోజుల ట్రిప్పు కోసం ఆ క్యూ మొత్తాన్నీ పణంగా పెట్టడమంటే... లెక్క మీరే వేసుకోండి.

రెండు సెకన్ల లెక్క

సరే, చట్టం పక్కన పెడదాం. గ్రూపులో ఒకరు సిటిజన్, అన్ని పర్మిట్లూ ఉన్నాయి, తుపాకీ అతని నడుముకే ఉంది అనుకుందాం. పనికొస్తుందా?

ఇంజినీరింగ్ చదివిన బుర్ర కదా, ముందు లెక్క చేద్దాం. గ్రిజ్లీ ఎలుగుబంటి గంటకి సుమారు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అంటే సెకనుకి 15 మీటర్లకు పైనే. పొదల మలుపులో 30 మీటర్ల దూరంలో ఎదురైందనుకోండి, మీ దగ్గరికి రావడానికి దానికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో మీరు అది ఎలుగుబంటి అని గుర్తించాలి, తుపాకీ తీయాలి, గురి పెట్టాలి, పేల్చాలి. అది నేరుగా నిలబడి ఉండదు. తల కిందికి వంచి, ఊగుతూ, దూసుకొస్తూ ఉంటుంది. మీ చెయ్యి వణుకుతూ ఉంటుంది. మీ వెనకాలో పక్కనో ఫ్రెండ్స్ ఉంటారు. తగిలినా ఒక్క తూటాకే పడిపోతుందన్న గ్యారంటీ లేదు. గాయపడ్డ ఎలుగు మామూలు ఎలుగు కన్నా ప్రమాదం.

బేర్ స్ప్రే విషయం వేరు. అందులో ఉండేది మన మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ సరుకే. గుంటూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మీట నొక్కితే ఎర్రటి మబ్బులా 8, 9 మీటర్ల దాకా వ్యాపిస్తుంది. ఖచ్చితంగా గురి చూడక్కర్లేదు, మీకూ దానికీ మధ్య ఒక గోడ కడితే చాలు. ఎలుగు ఆ గోడలోకి వస్తుంది, కళ్లూ ముక్కూ మండి వెనక్కి తిరుగుతుంది. కాసేపటికి మంట తగ్గుతుంది. అదీ బతుకుతుంది, మీరూ బతుకుతారు.

అలాస్కా రికార్డులు ఏమంటున్నాయి?

లెక్క బావుంది, మరి నిజంగా జరిగిన సంఘటనల మాటేమిటి? ఎలుగుబంట్లని ఏళ్ల తరబడి పరిశోధించిన టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం అలాస్కా రికార్డుల మీద రెండు అధ్యయనాలు చేసింది.

2008లో వచ్చింది స్ప్రే గురించి. 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన 83 సంఘటనలు చూశారు. బ్రౌన్ బేర్, అంటే గ్రిజ్లీ జాతి ఎలుగు, 92 శాతం సార్లు తను చేస్తున్న పని మానుకుంది. నల్ల ఎలుగు విషయంలో 90 శాతం. దగ్గరగా ఎదురైన సందర్భాల్లో స్ప్రే ఉన్నవాళ్లలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. తగిలిన ముగ్గురివీ ఆస్పత్రిలో చేరాల్సినంత గాయాలు కావు. "గాలి వీస్తే స్ప్రే మన మొహానికే కొడుతుంది" అనే భయం చాలామందికి ఉంది కదా. గాలి ఇబ్బంది పెట్టింది 7 శాతం సందర్భాల్లోనే, అప్పుడు కూడా స్ప్రే ఎలుగు దాకా చేరింది.

2012లో వచ్చింది తుపాకీ గురించి. 1883 నుంచి 2009 దాకా 269 సంఘటనలు. హ్యాండ్‌గన్ 84 శాతం సార్లు, పొడవు తుపాకులు 76 శాతం సార్లు పనిచేశాయి. అంకెలు చూస్తే మరీ తీసిపారేసేవి కావు. కానీ అసలు విషయం వేరే ఉంది. తుపాకీ ఉండి పేల్చినవాళ్లకీ, ఉండి కూడా పేల్చనివాళ్లకీ గాయపడే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణాలు మనం పైన వేసిన లెక్కే. టైమ్ చాలకపోవడం, గురి తప్పడం, ఆయుధం మొరాయించడం.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. ఈ రెండు అధ్యయనాలనీ పక్కపక్కన పెట్టి "92 పెద్దదా, 84 పెద్దదా" అని తేల్చడం సరికాదు. స్ప్రే సంఘటనల్లో కుతూహలంతో దగ్గరికొచ్చిన ఎలుగులు కూడా ఉన్నాయి. తుపాకీ సంఘటనల్లో వేటగాళ్లు ఎదుర్కొన్నవీ, నిజంగా దాడికి దిగినవీ ఎక్కువ. తుపాకీ వైపు వాళ్లు ఎత్తిచూపేది ఇదే, అందులో న్యాయం ఉంది. అయినా మనలాంటి వాళ్లకి, అంటే ఏడాదికోసారి అడవిలోకి వెళ్లి, జీవితంలో గురి చూసి పేల్చని వాళ్లకి, ఏది సులువో చెప్పడానికి ఆ తేడా అడ్డు కాదు. స్ప్రేకి ప్రాక్టీస్ కావాలి కానీ ఏళ్ల తరబడి అక్కర్లేదు.

స్ప్రే ఉంటే చాలు, ఏమీ కాదు అని కూడా అనుకోవద్దు. 2023 సెప్టెంబరులో కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కులో అడవి బాగా తెలిసిన ఒక జంటనీ వాళ్ల కుక్కనీ గ్రిజ్లీ చంపేసింది. అక్కడ స్ప్రే వాడిన ఆనవాళ్లు కనిపించాయి. ఏ ఆయుధమూ నూటికి నూరు శాతం కాదు.

చచ్చేది ఎక్కువగా ఎలుగే

మనిషి కోణం చూశాం. ఎలుగు వైపు నుంచి కూడా చూడాలి. అమెరికాలో అలాస్కా కాకుండా మిగతా భాగంలో ఒకప్పుడు దాదాపు 50 వేల గ్రిజ్లీలు ఉండేవి. వేటాడి, తరిమి, 1975 నాటికి వాటిని వెయ్యి లోపుకి తెచ్చారు. ఆ ఏడాదే వాటికి చట్టరక్షణ వచ్చింది. ఇప్పుడు సుమారు 2 వేలకి చేరాయి. మూడేళ్లకోసారి ఒకట్రెండు పిల్లల్ని కనే జంతువు అది. ఒక్క ఆడ ఎలుగు పోయినా ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. ఆత్మరక్షణ కాదని తేలితే చంపినవాళ్లకి భారీ జరిమానా, జైలు రెండూ ఉన్నాయి.

పార్కుల్లో కొత్త చట్టం వచ్చిన మూడు నెలలకే, 2010 మే నెలలో అలాస్కాలోని డెనాలిలో ఒక ఘటన జరిగింది. ఇద్దరు బ్యాక్‌ప్యాకర్లు నడుస్తుండగా పొదల్లోంచి గ్రిజ్లీ దూసుకొచ్చింది. ఒకతను పాయింట్ 45 పిస్టల్‌తో తొమ్మిది సార్లు కాల్చాడు. ఎలుగు తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది. గాయపడ్డ ఎలుగు ఎక్కడ పొంచి ఉందోనని అధికారులు ఆ ప్రాంతాన్ని మూసేశారు. తర్వాత అది దగ్గర్లోనే చచ్చిపడి కనిపించింది. ఆ పార్కు అడవి భాగంలో సందర్శకుడు గ్రిజ్లీని కాల్చిన మొదటి సంఘటన అదే. ఆ ఇద్దరూ క్షేమం. అలాంటి చోట ఎవరైనా అదే చేసేవారేమో. కానీ తొమ్మిది సార్లు కాల్చాక కూడా అది తన కాళ్ల మీద తను నడిచి వెళ్లిందన్నది గుర్తుంచుకోండి.

ఎలుగులు మన మీదకి రావడానికి ఎక్కువగా కారణం కూడా మనమే. 1967 ఆగస్టులో గ్లేసియర్ పార్కులో ఒకే రాత్రి, వేర్వేరు చోట్ల, ఇద్దరు అమ్మాయిల్ని రెండు గ్రిజ్లీలు చంపేశాయి. రెండు చోట్లా ఎలుగులు మనుషుల చెత్త, మిగిలిన తిండి తిని అలవాటుపడ్డవే. పార్కుల్లో చెత్త విషయంలో ఇవాళ ఇంత కట్టుదిట్టమైన రూల్స్ ఉన్నాయంటే వాటి వెనక ఆ రాత్రి ఉంది.

ఇంతకీ ప్రమాదం ఎంత?

ఎల్లోస్టోన్ పార్కు వేసిన లెక్క ప్రకారం అక్కడికి వచ్చేవాళ్లు గ్రిజ్లీ చేతిలో గాయపడే అవకాశం సుమారు 27 లక్షల సందర్శనలకి ఒకటి. రోడ్ల దగ్గరా, చెక్క వంతెనల మీదా తిరిగేవాళ్లకి ఇంకా తక్కువ. లోపలికి బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్తే మాత్రం పెరుగుతుంది. దాదాపు 2 లక్షల 32 వేల నడక రోజులకి ఒకటి. 1872లో పార్కు పెట్టినప్పటి నుంచి అందులో ఎలుగుల వల్ల పోయిన ప్రాణాలు పది లోపే. నీళ్లలో మునిగి పోయినవాళ్లు వంద దాటారు. వేడినీటి బుగ్గల్లో పడి కాలిపోయినవాళ్లు 20 మందికి పైనే. ఇక ఎక్కువమందిని గాయపరిచిన జంతువు ఎలుగే కాదు, అడవిదున్నలా ఉండే బైసన్. అదీ ఎక్కువగా మరీ దగ్గరికెళ్లిన వాళ్లని.

అందుకే పార్కు రూల్: ఎలుగు, తోడేళ్లకి 100 గజాలు, మిగతా జంతువులకి 25 గజాల దూరం. బొటనవేలు చాచి ఒక కన్ను మూసి చూడండి. జంతువు మొత్తం వేలు చాటున దాగకపోతే మీరు మరీ దగ్గరున్నట్టు.

బ్యాగులో పెట్టుకోవాల్సినవి

తుపాకీ ఇంట్లో వదిలేశారు. ఇప్పుడు ఏం చేయాలి?

* స్ప్రే మనిషికొకటి ఉండాలి. బ్యాగు లోపల కాదు, నడుముకి గానీ ఛాతీకి గానీ. సేఫ్టీ క్లిప్ తీయడం ఇంటి దగ్గరే పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. ఎక్స్‌పైరీ డేట్ చూడండి.
* విమానంలో ఒప్పుకోరు. చేతి బ్యాగులోనూ, చెకిన్ లోనూ కుదరదు. అక్కడికెళ్లాక కొనండి, లేదా అద్దెకి తీసుకోండి.
* దోమల మందులా ఒంటికి, టెంటుకి కొట్టకండి. నవ్వకండి, చేసినవాళ్లు ఉన్నారు. ఆరిపోయాక ఆ వాసనకి ఎలుగులు ఆకర్షితమవుతాయి.
* పార్కు రూల్ ముందే చూడండి. గ్రిజ్లీలు లేని యోసెమిటీలో బేర్ స్ప్రే నిషేధం.
* ముగ్గురు, అంతకు మించి కలిసి నడవండి. మాట్లాడుతూ నడవండి. గంటలు కట్టుకుంటే సరిపోదు, మనిషి గొంతు వినపడాలి. తెలుగులో గట్టిగా మాట్లాడుకునే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఇక్కడైనా పనికొస్తుంది.
* తిండి, టూత్‌పేస్ట్, సబ్బు, అన్నీ బేర్ క్యానిస్టర్‌లో. వంట టెంటుకి 100 గజాల దూరంలో. ఆవకాయ సీసా పక్కన పెట్టుకుని పడుకోవద్దు.
* ఎలుగు కనిపిస్తే పరుగెత్తకండి. పరుగులో దాన్ని గెలవలేరు. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి జరగండి. మీదకొస్తుంటే 10 నుంచి 18 మీటర్ల దూరంలో ఉన్నప్పుడే కాస్త కిందికి గురిపెట్టి స్ప్రే మొదలెట్టండి.
* ఉలిక్కిపడ్డ గ్రిజ్లీ మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు బిగించి కదలకుండా ఉండండి. నల్ల ఎలుగు దాడి చేస్తే, లేదా ఏ ఎలుగైనా టెంటులోకి దూరితే, తిరగబడండి.

కర్ర మీద జోకులు వేశాం గానీ...

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకున్న తర్వాత టీటీడీ భక్తులకి చేతికర్రలు ఇచ్చింది. సోషల్ మీడియాలో మీమ్స్ వరదలా వచ్చాయి. కానీ కర్రతో పాటు పెట్టిన మిగతా రూల్స్ ఎవరూ పట్టించుకోలేదు. గుంపులుగా నడవండి, మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని తీసుకురావద్దు అన్నారు. ఎల్లోస్టోన్ రేంజర్ చెప్పేదీ దాదాపు అదే, కలిసి నడవండి, చప్పుడు చేయండి, వేళ చూసుకోండి అని. మన దగ్గర అభయారణ్యంలోకి, నేషనల్ పార్కులోకి ఆయుధంతో వెళ్లాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి. 1972 చట్టం నుంచీ ఇదే రూల్. అమెరికాలో చట్టం వేరు, అడవిలో బతికి బయటపడే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

తుపాకీ తప్పనిసరి అయ్యే చోట్లు ప్రపంచంలో లేవని కాదు. ధ్రువపు ఎలుగులు తిరిగే నార్వే స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరు దాటితే వాటిని బెదరగొట్టే సాధనం వెంట ఉండాలని చట్టమే చెబుతుంది, తుపాకీ కూడా ఉంచుకోమంటారు. అలాస్కాలో మారుమూల పనిచేసేవాళ్లలో చాలామంది నేర్చుకుని మరీ పట్టుకెళ్తారు. వాళ్లది రోజూ అదే బతుకు, రోజూ అదే సాధన. మనది మూడు రోజుల ట్రిప్పు.

కాబట్టి ఈసారి గ్రూపులో "గన్ పట్టుకెళ్దామా?" అని మెసేజ్ వస్తే జవాబు రెడీగా పెట్టుకోండి: "వద్దు మామా. స్ప్రే డబ్బాలు నాలుగు, క్యానిస్టర్లు రెండు. గట్టిగా వాగేవాళ్లు ఎంతమందైనా సరే."